మూడు దెబ్బల జవాబు

ముందే ఒట్టు పెట్టేస్తున్నాను: ఇందులో ప్రతి ముక్కా నిజం. దేవుళ్ళ మీద ఒట్టు పెడితే మా వీధిలో ఎవరూ నమ్మరు. బేతమంగళ నుంచి రాబర్ట్‌సన్‌పేట దాకా ఉన్న దేవుళ్ళందరి మీదా నేను ఇదివరకే ఒట్లు వేసి వాళ్ళ పరువు తీసేశాను. అందుకని ఈసారి సైనైడ్ దిబ్బ మీద ఒట్టు. మా కోలారు గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం పిండుకుని, మిగిలిన పిప్పిని తరాలుగా పోసిన బూడిదరంగు గుట్ట అది. మా కిటికీ తెరిస్తే అదే కనిపిస్తుంది. దాని మీద ఒట్టు పెట్టి అబద్ధమాడితే ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఊరంతా వదిలేసి వెతుక్కుంటూ వచ్చి నీ కళ్ళలోనే పడుతుందని మా గని కార్మికుల లైను ఇళ్ళల్లో నమ్మకం. నా కళ్ళు ఇప్పటికే అంతంత మాత్రం. కాబట్టి నమ్మండి.

అమ్మ పోయి మూడు నెలలైంది. మొన్న ఆదివారం మా అమ్మాయి బెంగళూరు నుంచి తన కొత్త కారులో వచ్చింది. వచ్చీరాగానే ఒక ఎర్ర సంచీ తెచ్చి అరుగు మీద కుమ్మరించింది. వానాకాలం కదా, కారులో ఉంచుకోవాలని ఫోనులో తెప్పించుకుందట. అద్దం పగలగొట్టడానికి బొటనవేలంత సుత్తి, సీటుబెల్టు కోసే కత్తి, లాగుడు తాడు, మెరిసే త్రికోణం, టైరుకు గాలి కొట్టే డబ్బా, మడత పెడితే జేబులో పట్టే వెండికాగితం దుప్పటి. "మీ కాలంలో ఇలాంటివి ఏవీ ఉండేవి కాదు కదా డాడీ?" అంది జాలిగా. నాకు నవ్వొచ్చింది. మా నాయన కారు డిక్కీని ఈ పిల్ల చూడలేదు. చూసి ఉంటే ఆ ఎర్ర సంచీని చెంగు చాటున దాచుకునేది. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి అమ్మ రేకుపెట్టె తెరిచాం. పాత చీరలు, కర్పూరం వాసన, నా చిన్నప్పటి ఉలెన్ టోపీ ఒకటి, వాటి అడుగున గుడ్డముక్కలో చుట్టిన ఇత్తడి బిళ్ళ. మధ్యలో మేకుతో పొడిచిన రెండో అంకె. అంచు ఒకవైపున నొక్కులు పడి ఉంది. "ఇదేంటి?" అంది అమ్మాయి. ఏంటో చెప్పాలంటే నాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాయన పేరు మునెప్ప. గనిలో టింబర్‌మ్యాన్. భూమి అడుగున, పై రాయి కిందికి దిగకుండా కొయ్యదిమ్మెలు పేర్చి ఊతం పెట్టే పని. రోజూ పని మొదలుపెట్టే ముందు సుత్తితో నెత్తి మీది రాయిని తట్టి చెవి పెట్టి వినేవాళ్ళట. గట్టి రాయి గంటలా మోగుతుంది. వదులు రాయి పగిలిన కుండలా పలుకుతుంది. ఏ మూల నుంచి ఏ పలుకు వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడే సాయంత్రం ఇంటికొస్తాడు. ఈ అలవాటు ఆయన్ని భూమ్మీద కూడా వదల్లేదు. నాయన తట్టని వస్తువు మా ఇంట్లో లేదు. గుమ్మడికాయను తట్టి కొనేవాడు. అమ్మ అంబలి కుండను తట్టి ఎంత మిగిలిందో చెప్పేవాడు. పరీక్షల ముందు నా తలను తట్టి, కాసేపు విని, "వదులుగానే ఉండాది" అనేవాడు.

గని ఉద్యోగం చాలించుకున్నాక ఆయన ఒక కారు తెచ్చాడు. పెద్ద ఇంజనీరు ఒకాయన వాడి వాడి షెడ్డు వెనక పారేసిన గుండ్రటి వీపు కారు. అది ఎన్నాళ్ళుగా అక్కడ పడి ఉందంటే, ఇంజను పక్కనుంచి ఒక తుమ్మమొక్క మొలిచి బానెట్టు సందులోంచి తల బయటపెట్టింది. చెట్టును కొట్టేశాం గానీ వేరు రాలేదు. మొదటి వానకి కార్బురేటర్ పక్కన చిగురేసింది. నాయన దాన్ని నరకనివ్వలేదు, "ఉండనీ, నీడకి" అన్నాడు. ఆ కారును బాడుగకు తిప్పడం మొదలుపెట్టాడు. బేతమంగళకి, క్యాసంబళ్ళికి, ఎప్పుడన్నా సుగటూరుకి. పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు, సంతలు. అయితే ఆయన లెక్కలో అది కారు కాదు, గనిలోకి దించే నూతిలాంటి ఇంకో షాఫ్టు. మనుషుల్ని లోపల పెట్టి తలుపు మూస్తున్నాం అంటే, మళ్ళీ బయటికి తీసుకొచ్చే బాధ్యత మూసినవాడిది.

అందుకే ఆ సంరంభం. ఎండాకాలం వస్తే తడిపిన గోనెపట్టా ముక్క పెట్రోలు పంపు మీద చుట్టి ఉండాలి, లేకపోతే కోలారు రోడ్డు మీద ఎండకు పెట్రోలు ఆవిరై బండి నిలిచిపోతుంది. దాన్ని తడపడానికి వేరే డబ్బాలో నీళ్ళు, ఆ నీళ్ళు తాగకూడదని అమ్మకి, నాకు విడివిడిగా హెచ్చరిక. రేడియేటర్ కారితే పొయ్యడానికి పసుపు పొట్లం. పెట్రోలు ట్యాంకు చిల్లు పడితే పూడ్చడానికి బట్టల సబ్బు. ఫ్యాను బెల్టు తెగితే పేనడానికి అమ్మ పాత చీర. వానాకాలం మొదలైందంటే కరెంటు తీగలు కలిసే మూతకి సైకిలు ట్యూబు తొడుగు, చుట్టూ గ్రీజు. ముందు అద్దానికి సగం కోసిన ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, రుద్దితే వాన చుక్క నిలవదని, బయలుదేరే ముందు అది నా పని. ఆ వాసన రోజంతా చేతిని వదిలేది కాదు, బళ్ళో పిల్లలు నన్ను చూసి బోండాలు గుర్తొస్తున్నాయనేవాళ్ళు. ఇవిగాక చక్రాల కింద వేయడానికి గోనెసంచులు, బండి దొర్లకుండా కొయ్య అడ్డాలు, ముప్పై బారల గని తాడు, కార్బైడ్ దీపం, మోదుగాకులో చుట్టిన రాగిముద్దలు. కార్బైడ్ వాసన, తడి గోనె వాసన, ఎర్రగడ్డ వాసన కలిస్తే ఏమవుతుందో అదే మా నాయన వాసన. డిక్కీ బరువుకి కారు ముక్కు ఆకాశం చూసేది. పొద్దుగూకి లైటు వేస్తే రోడ్డు కనిపించేది కాదు, చెట్ల మీద కాకులు కనిపించేవి. మారికుప్పం దగ్గర అవి తెల్లారిందనుకుని అరవడం నేను చెవులారా విన్నాను.

పక్కింటి పాపమ్మక్క రోజూ ఈ వేడుక చూసి అరుగు మీంచి కేకేసేది. "ఏమప్పా మునెప్పా, సంతకి పోతావుండావా, పాతాళానికి పోతావుండావా?"

"రెండింటికీ పొయ్యేది సులభమేనక్కా. వచ్చేదే చూసుకోవాల" అనేవాడు నాయన, టైరు తట్టి వింటూ.

ఇక బిళ్ళలు. గనిలో దిగేవాడికి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పైన పలక మీద ఒక బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. నాయన మా ముగ్గురికీ తలా ఒక జత కొట్టించాడు. ఆయనకు ఒకటో అంకె, అమ్మకు రెండు, నాకు మూడు. కారెక్కే ముందు ఒక బిళ్ళ గడప పక్క మేకుకు తగిలించాలి, రెండోది దారానికి కట్టి మెడలో వేసుకోవాలి. తిరిగొచ్చాకే మేకు మీది బిళ్ళ తీయాలి. పొద్దుగూకినా మేకు మీద బిళ్ళ ఉంటే పాపమ్మక్క నలుగుర్ని పిలవాలి. ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళు. పదిహేడేళ్ళవాడికి మెడలో బిళ్ళ ఎంత అవమానమో చెప్పనక్కర్లేదు. బావిలో పడిందని, కుక్క మింగిందని, ఒకసారి మెరుపు తగిలి కరిగిపోయిందని కూడా చెప్పి చూశాను. నాయన ఇంకోటి కొట్టించేవాడు. అప్పటికే నా పేరు రీళ్ళ సీనడు, రీళ్ళంటే మా వైపు కోతలు. నేను నిజం చెప్పినా జనం నవ్వడానికి ముందుగానే నోరు తెరిచి ఉంచుకునేవాళ్ళు.

నాయన ఎందుకిలా తయారయ్యాడో మా ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. ఆయన తమ్ముడు, నా చిన్నాయన, అదే షిఫ్టులో పనిచేసేవాడు. ఒకనాడు లోపల రాయి పేలింది. మేం దాన్ని ఏర్‌బ్లాస్ట్ అంటాం. భూమి లోతున రాయి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదులుతుంది, పైన మా ఇళ్ళల్లో గూటిలోని చెంబులు గలగలమంటాయి. చిన్నాయన భయపడి షాఫ్టు వైపు పరిగెత్తాడు. రెండో పేలుడు దారిలోనే ఆయన్ని పట్టుకుంది. నాయన, ఇంకో ఇద్దరు తాము పేర్చిన దిమ్మెల పక్కనే కూర్చున్నారు. గాలి గొట్టం మీద సుత్తితో ఐదేసి దెబ్బలు కొడుతూ ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఒక పగలు కూర్చున్నారు. చివరికి అవతల నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. విన్నాం, దారి తీశాం, రండి అని. "పరిగెత్తినోడు పోయినాడు, కూచున్నోడు వచ్చినాడు" అని చెప్పి నాయన అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అదే మా ఇంటి వేదం. ఆపదలో కదలకు. ఐదు కొట్టు. మూడు వినేదాకా ఉండు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. అమ్మకు అక్క, క్యాసంబళ్ళి పెద్దమ్మ, మా ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆవిడ ఇంట్లో పట్టుపురుగులు. పురుగు పొర మార్చుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే దానికి రావణాసురుడి ఆకలి, పూటపూటకీ ఆకు వేయాలి.

"రేపు నా పురుగులు జ్వరం లేస్తాయి మరిదీ. కోడల్ని నమ్మితే అవి నన్నే తింటాయి. ఈ పొద్దే పోవాల" అంది పెద్దమ్మ.

"వాన నిలిచినాక పోదాం వదినా."

"నీ డిక్కీలో ఇంత సామాను పెట్టుకోని వానకి భయపడేదా? అదంతా సుమ్నే, ఊరికే అలంకారమా?"

ఆ మాట నాయనకు తగిలింది. మధ్యాహ్నం అన్నాలు కాగానే బయలుదేరాం. ముందు నాయన, నేను. వెనక, నాయన సీటు వెనక అమ్మ, నా వెనక పెద్దమ్మ, ఆవిడ ఒళ్ళో బుట్ట, బుట్టలో అమ్మ ఇచ్చిన పెట్టకోడి. మేకులకు మూడు బిళ్ళలు ఎక్కాయి.

"నాకేదప్పా బిళ్ళ? నేను పోతే ఎవరికి తెలుస్తాది?" అంది పెద్దమ్మ.

"నువ్వు పోతే అంత నిశ్శబ్దం అయితాది కదా పెద్దమ్మా, అందరికీ తెలుస్తాది" అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

బేతమంగళ దాటిన కాసేపటికి రోడ్డును అడ్డంగా కోసుకుంటూ ఒక వంక. ఏడాదిలో పదకొండు నెలలు అందులో మేకలు పడుకుంటాయి. ఆ రోజు రోడ్డు మీంచి చీలమండ లోతు నీళ్ళు పారుతున్నాయి. నాయన తొందరపడే మనిషి కాదు. దిగాడు, వెదురుకర్రతో తట్టుకుంటూ అవతలి దాకా నడిచి వచ్చాడు. ఫ్యాను నీళ్ళు చిమ్మి ఇంజను తడపకుండా బెల్టు ఊడదీశాడు. ట్యూబు తొడుగు సరిచూశాడు. నాకు ఇప్పటికీ ఆయన చేసిన దాంట్లో తప్పు కనబడదు. తప్పంతా పైన ఉన్న చెరువుది. మేం సగం దాటేసరికి అది నిండి పొర్లి మరవ పారడం మొదలుపెట్టినట్టుంది. కుడివైపు నుంచి ఎర్రనీళ్ళు ఒక్కసారి దూసుకొచ్చాయి, ఒక కొమ్మ వచ్చి చక్రం దగ్గర ఇరుక్కుంది, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నాయన చేతి బ్రేకు లాగాడు. "ఎవురూ కదలద్దండి" అన్నాడు. సీటు కింది నుంచి సుత్తి తీసి కారు టాపు కమ్మీ మీద కొట్టాడు. ఐదు దెబ్బలు. ఆగాడు. విన్నాడు. మళ్ళీ ఐదు.

కారు అద్దాలన్నీ మూసి ఉన్నాయి. మా ఊపిరికి మసకబారాయి. బయట వాన, లోపల ఎర్రగడ్డ వాసన, తడి గోనె, కోడి. అవతలి గట్టు కనిపిస్తూనే ఉంది, మహా అయితే ముప్పై అడుగులు. అక్కడ ఒక మైలురాయి తడిసి పచ్చగా మెరుస్తోంది. అంత దగ్గరగా ఉన్నదాన్ని అంత దూరంగా నేను ఎప్పుడూ చూడలేదు. పాదాలకు చల్లగా తగిలింది. చూస్తే తలుపు కింది సందులోంచి నీళ్ళు వస్తున్నాయి. పెడళ్ళు మునిగాయి.

"నాయనా, నీళ్ళు ఎక్కతావుండాయి."

"కూచో."

"నిజంగా నాయనా. నా పిక్కల దాకా వచ్చినాయి."

"సీనా, నీ రీళ్ళు ఇంట్లో పెట్టుకో. ఇది యాళ కాదు." ఐదు దెబ్బలు.

ఆయన నా కాళ్ళ వైపు చూడలేదు. తన కాళ్ళ వైపు కూడా చూడలేదు. ఆయన చూపంతా టాపు మీదే. అప్పుడు నాకు అర్థమైంది. గనిలో చావు పైనుంచి వస్తుంది. ఇరవై ఏడేళ్ళు నెత్తి మీద కళ్ళు పెట్టుకుని బతికిన మనిషి, నీళ్ళు కింది నుంచి వస్తుంటే కారు టాపును కాపలా కాస్తున్నాడు. టాపు గట్టిగా ఉంది. గంటలా మోగుతోంది. అందుకని ఆయన లెక్క ప్రకారం మేం క్షేమంగా ఉన్నాం.

"మరిదీ, నా చీర తడస్తావుండాది" అంది పెద్దమ్మ. గొంతులో ఎప్పటి జోరు లేదు.

"కదలద్దు వదినా. మన సద్దు ఎవురో ఒకరు వింటారు."

"ఈ వానలో ఎవుడు వింటాడప్పా? కప్పలు వింటాయి!"

"కూచున్నోడు వచ్చినాడు" అన్నాడు నాయన, మాతో కాదు, టాపుతో.

నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ఆయన చూడకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. అది కోపం పట్టు కాదు. పరిగెత్తబోతున్న ఇంకెవరినో పట్టుకున్న పట్టు. ఆ రోజు చిన్నాయన చెయ్యి అందలేదు, ఈ రోజు నాది అందింది. ఇక ఆయన వదలడు. నీళ్ళు సీటు అంచు తాకాయి. కారు వెనకభాగం మెల్లగా, ఊయలలో పిల్లాడు ఒత్తిగిలినట్టు, ఎడమకు జరిగింది. వాన కాసేపు తగ్గింది, ఆ నిశ్శబ్దం వానకంటే ఘోరంగా ఉంది. బుట్టలో కోడి గుడ్డు పెట్టింది. పెట్టి, కొక్కొక్కొ అని ఊరంతటికీ చాటింది. నవ్వకండి, ఒట్టు వేసి ఉన్నాను. ఎవరికైనా ప్రాణభయం పుడితే తమకు తెలిసిన పనే చేస్తారు. కోడి గుడ్డు పెడుతుంది. నాయన ఐదు దెబ్బలు కొడతాడు.

నాకు తెలిసిన పని ఏది? అబద్ధం. నిజం చెప్పి చూశాను, చెల్లలేదు. నా రెండో చెయ్యి ఖాళీగా ఉంది. సీటు కింద నీళ్ళలో తడిమితే చక్రాల స్పానరు దొరికింది. నాయన ఐదు కొట్టి ఆగాడు, చెవి రిక్కించాడు. నేను ఊపిరి బిగబట్టి సీటు ఇనుపకాలి మీద కొట్టాను. ఒకటి. రెండు. మూడు.

నాయన సుత్తి గాల్లో ఆగింది.

"విన్నారా?" అన్నాడు.

  ఆయన మళ్ళీ ఐదు కొట్టాడు, మెల్లగా, అడుగుతున్నట్టు. మళ్ళీ మూడు వచ్చాయి.

అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన మార్పు చూడాల్సింది. ఎన్నో ఏళ్ళుగా నేల కింద కూర్చుని ఉన్న మనిషి లేచి నిలబడ్డట్టు అయింది. నా మణికట్టు వదిలేశాడు. కిందికి చూశాడు. నడుము దాకా వచ్చిన నీళ్ళను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, "రమ్మన్నారు" అన్నాడు. "అందరూ పైకి."

ఆ తర్వాత అంతా క్షణాల్లో. వరద నెడుతున్న తలుపు తెరుచుకోదని తెలిసి అద్దం దించాడు. డిక్కీలో పట్టక వెనక సీటు మీద పెట్టిన తాడుచుట్టను అమ్మ అప్పటికే ముందుకు అందిస్తోంది. కిటికీలోంచి బయటపడి, తాడు ఒక కొన ముందు బంపరుకు బిగించి, కారు ఒంటికి ఒంటిని ఆనించి జరుగుతూ, తొడల్లోతు నీళ్ళలో గట్టుకు చేరి రెండో కొన మైలురాయికి కట్టాడు. తిరిగొచ్చాడు. మొదట అమ్మ. తర్వాత పెద్దమ్మ కిటికీలో సగం దూరి ఆగిపోయింది.

"నూకురా సీనా!"

"యాడ నూకేది పెద్దమ్మా?"

"యాడ చిక్కితే ఆడ నూకు! ఇంగ మర్యాద యాడ పెట్టుకుంటావు!"

నూకాను. తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరం, నీళ్ళు మోకాళ్ళ వెనక తంతూ ఉంటే, పక్కకు చూడకుండా గట్టెక్కాం. కోడిబుట్ట నా నెత్తి మీద. పెద్దమ్మ మైలురాయిని కౌగిలించుకుని దానికి దండం పెట్టింది. మేం ఊపిరి తీసుకుంటుండగానే తాడు ఒకసారి ఫిడేలు తీగలా మోగి తెగింది. కారు తన ముప్పై రకాల సామానుతో, తుమ్మచిగురుతో, పెద్దమనిషిలా నిదానంగా పక్కకు తిరిగి, రోడ్డు అంచు దిగి, వంకలోకి ఒరిగింది. టాపు మునిగిపోవడం నాయన నిలబడి చూశాడు.

గట్టు మీద మనుషులెవరూ లేరు. పిలిచినవాళ్ళ జాడ లేదు. నాయన అటూ ఇటూ వెతకలేదు. నా వైపు తిరిగి, చాలాసేపు చూసి, "ఎవురు కొట్టినారో గానీ, సరైన లెక్కలో కొట్టినారు" అన్నాడు. తర్వాత తలకు చుట్టిన తువ్వాలు పిండుకుని క్యాసంబళ్ళి వైపు నడిచాడు.

ఈ కథను నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని టీ అంగళ్ళలో చెప్పానో లెక్కలేదు. గనులు మూతపడ్డాయి, షిఫ్టు మారేటప్పుడు మోగే సంగు కూత ఆగిపోయింది, లైను ఇళ్ళు సగం కూలిపోయాయి. నాయన పోయాడు, పెద్దమ్మ పోయింది, ఆ వంక మీద ఇప్పుడు ఎత్తైన వంతెన ఉంది. ఈ కథ మాత్రం చెప్పినప్పుడల్లా కొంచెం ఒళ్ళు చేస్తూ వచ్చింది. మొన్న అరుగు మీద మా అమ్మాయికి మళ్ళీ చెప్పాను. అది తన ఎర్ర సంచీతో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తూ విని, "వరద నీటిలో బండి ఆగితే లోపల కూర్చోకూడదు, వెంటనే బయటికి రావాలని ఇక్కడ మొదటి పేజీలోనే ఉంది డాడీ" అంది. నిజమే. మా నాయనకు ఆ పేజీ లేదు. ఆయనకున్న ఒకే ఒక్క పేజీని తమ్ముడి ప్రాణం రాసిచ్చింది, అది ఇంకో చోటికి రాసిన పేజీ. ఈ సుత్తి బొటనవేలంతే ఉన్నా అద్దం పగలగొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ కారు లోపల ఉన్న మనిషి లోపల ఏం బిగుసుకుని ఉందో దాన్ని పగలగొట్టే సామాను ఇంకా సంచీలో పెట్టి అమ్మడం లేదు.

అమ్మాయి బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పుతూ, "మరి ఈ నొక్కులేంటి?" అని అడిగింది. నేను మాట మార్చాను. కానీ దిబ్బ మీద ఒట్టు పెట్టి కూర్చున్నాను, ఎదురుగా కిటికీలోంచి అది నన్నే చూస్తోంది. కాబట్టి ఇక చెప్పేస్తాను. కల్పించింది ఒక్కటే.

తుమ్మచిగురు నిజం. కాకులు నిజం. స్పానరు అబద్ధం.

స్పానరు డిక్కీలో ఉంది. నాయన నా చెయ్యి పట్టుకున్నాక నేను చేసింది ఏడవడం ఒక్కటే, అది కూడా సద్దు లేకుండా. ఆ మూడు దెబ్బలు వెనకనుంచి వచ్చాయి. ముందు అద్దంపైన ఉన్న చిన్న అద్దంలో చూశాను. అమ్మ కిటికీ వైపు ముఖం పెట్టి వానను చూస్తోంది, ఏమీ ఎరగనట్టు. మెడలోని దారం బిగుతుగా పక్కకు లాగి ఉంది. పిడికిట్లో బిళ్ళ. నాయన రెండోసారి ఐదు కొట్టగానే ఆ పిడికిలి తలుపు పక్క ఇనుపకమ్మీ మీద కదిలింది. ఒకటి, రెండు, మూడు. గట్టు మీద నాయన చాలాసేపు చూసింది కూడా నా వైపు కాదు. అమ్మ వైపు. ఏ మూల నుంచి ఏ పలుకు వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషికి, చెవి వెనక అడుగు దూరంలో మోగింది ఏదో తెలియదా? తెలుసు. రమ్మని ఎవరో ఒకరు పిలవాలి, అంతే. ఆయన తనంతట తాను లేచి రాలేడు.

ఆ సాయంత్రం క్యాసంబళ్ళిలో, తడిబట్టలు పొయ్యి దగ్గర ఆరుతుండగా, పురుగులు ఆకు నమిలే చప్పుడు వానలా వినిపిస్తుండగా, చుట్టుపక్కలవాళ్ళు మూగి ఏం జరిగిందని అడిగారు. నోరు తెరిచింది నేను. స్పానరు అక్కడే పుట్టింది. చెబుతూ చెబుతూ అమ్మ వైపు చూశాను, ఆపుతుందని. ఆమె పొయ్యి ఎగదోస్తూ "ఊఁ" అంది, తర్వాతేమైంది అన్నట్టు. అప్పటినుంచి ఆ కారులోంచి నేను బయటికి రాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అందరి ముందూ ఆ స్పానరు పట్టుకునే కూర్చున్నాను, ప్రతిసారీ అమ్మ "ఊఁ" అంటూనే ఉంది. ఒక్కసారి కాదంటే నేనూ లేచి వచ్చేవాణ్ణి.

కోడి గుడ్డు పెట్టింది మాత్రం నిజం. మర్నాడు పొద్దున అమ్మ దాన్ని ఉడకేసి, పొట్టు ఒలిచి, ఉప్పు అద్ది, అందరి ముందూ, ఆ మూడు దెబ్బలూ నావే అన్నట్టు, నాకే పెట్టింది.